ఐహెచ్‌సీ బెంచి మీద వంటింటి కుక్కర్: రివ్యూ

ఇక్కడ రివ్యూ చేస్తున్నది 5 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు ప్రెషర్ కుక్కర్. అందులో పప్పు ఎలా ఉడుకుతుందో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పారఫిన్ సెక్షన్లలో (మైనంలో పొదిగి పలచగా కోసిన టిష్యూ ముక్కల్లో) యాంటిజెన్ రిట్రీవల్‌కి, అంటే మూసుకుపోయిన ప్రోటీన్లని యాంటీబాడీకి మళ్లీ అందేలా తెరవడానికి, అదే కుక్కర్ ఎంతవరకు పనికొస్తుందన్నది ఇక్కడి సంగతి. చేత్తో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (ఐహెచ్‌సీ: టిష్యూలోని ప్రోటీన్‌ని యాంటీబాడీతో పట్టి చూపించే పరీక్ష; ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు, మిగతా న్యూక్లియస్‌లు నీలం) చేసుకునే ల్యాబ్, రోజుకి ఒక రాక్ స్లైడ్లు, ఆటోస్టెయినర్ (ఆ రంగులన్నీ తనే వేసే యంత్రం) కొనే స్తోమత లేదు అనుకుంటే, ఇంతకంటే గిట్టుబాటయ్యే సామాను మరొకటి లేదు. కాకపోతే దాన్ని వంటపాత్రలా వాడితే రిపోర్టులు కూడా వంటల్లాగే ఉంటాయి: ఒకరోజు కుదురుతుంది, ఇంకోరోజు మాడుతుంది. హెర్2కి (రొమ్ము క్యాన్సర్‌లో చూసే ఒక ప్రోటీన్‌కి) మాత్రం దీన్ని వాడొద్దు. కారణం కింద చెప్తాం.

టిష్యూ పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ప్రోటీన్ల మధ్య మిథిలీన్ వంతెనలు కట్టేసి, యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటుని మూసేస్తుంది. బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలబెట్టే ద్రావణంలో) సెక్షన్‌ని గట్టిగా వేడిచేస్తే ఆ ముడులు చాలావరకు విడతాయి. మైక్రోవేవ్‌తో ఈ పద్ధతిని షీ బృందం 1991లో ప్రచురించింది. ప్రెషర్ కుక్కర్‌తో అదే పని రెండు మూడు నిమిషాల్లో అవుతుందని నార్టన్ బృందం 1994లో చూపించింది. అంటే ఇది డబ్బు లేక పట్టుకున్న అడ్డదారి కాదు, ముప్పై ఏళ్లుగా రాతలో ఉన్న పద్ధతే.

హైదరాబాద్ లాంటి చోట దీనికి ఇంకో అనుకూలం ఉంది. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి మూత తీసిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. విశాఖలో 100. వాటర్ బాత్‌లో (వేడి నీళ్ల తొట్టిలో) 20 నిమిషాలు అని కుదుర్చుకున్న పద్ధతిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీసుకెళ్తే ఈ రెండు డిగ్రీలు లెక్కలోకి వస్తాయి. కుక్కర్ బయటి గాలి పీడనం మీద చదరపు సెంటీమీటరుకి ఇంకో కిలో పీడనం (సుమారు 15 పీఎస్ఐ) కలుపుతుంది. అప్పుడు లోపలి వేడి సుమారు 120 డిగ్రీలు, రెండు ఊళ్ల మధ్య తేడా ఒక డిగ్రీ లోపే.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది లోహం. అల్యూమినియం వద్దు. పీహెచ్ 9 బఫర్ దాన్ని తినేస్తుంది, సిట్రేట్ కూడా వదలదు, లోపల నల్లబడి గుంటలు పడతాయి, ఆ లోహం బఫర్‌లోకి దిగుతుంది. స్టీలుదే తీసుకోండి, అదీ ఇండక్షన్ అడుగున్నది. గ్యాస్ పొయ్యి ఆలోచన పెట్టుకోవద్దు. పక్క బెంచి మీద జైలీన్ జార్లు ఉండే గదిలో మంట వెలిగించడం తెలివైన పని కాదు. ఎలక్ట్రిక్ కుక్కర్లలో టైమర్, ఆటో కట్ బాగానే ఉంటాయి గాని చాలా మోడళ్లు 15 పీఎస్ఐ దాకా వెళ్లవు. వాటిని వాడితే సమయం వేరేగా కుదుర్చుకోవాలి. మామూలు కుక్కర్ లెక్కలు వాటికి సరిపోవు.

మూత సంగతి చిన్నదే అనిపిస్తుంది, కానీ డబ్బు ఇక్కడే వృథా అవుతుంది. లోపలికి దిగే మూత ఉన్న రకంలో నోరు ఇరుకు, పొట్ట వెడల్పు. స్లైడ్ రాక్ ఆ నోటిలోంచి పట్టకపోవచ్చు. షాపుకి వెళ్లేటప్పుడు రాక్ వెంట తీసుకెళ్లండి. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. రాక్ మరిగే బఫర్‌లోకి దించాలి, చిమటాతో పైకి తీయాలి. అంచుకి తగలకుండా రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. ఈ లెక్కన మూత పైనుంచి పట్టే రకమే సుఖం.

లోతు లెక్క కూడా వేసుకోవాలి. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న కుక్కర్‌లో ఒక లీటరు నీళ్లు పోస్తే సుమారు 3.2 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. స్లైడ్లను పొడవాటి అంచు మీద పడుకోబెట్టే రాక్ అయితే లీటరున్నర బఫర్‌లో పూర్తిగా మునుగుతాయి. నిలువుగా నిలబెట్టే రాక్ అయితే స్లైడ్ ఎత్తే 7.5 సెంటీమీటర్లు, దాని పైన ఇంకో సెంటీమీటరు బఫర్ ఉండాలి, కాబట్టి 3 లీటర్లు కావాలి. 5 లీటర్ల కుక్కర్‌లో అది మూడింట రెండు వంతుల గీతకి కొంచెం కింద. 3 లీటర్ల కుక్కర్ ఎందుకు చాలదో దీన్నిబట్టే అర్థమవుతుంది. స్లైడ్ పైభాగం బఫర్ బయట ఉండిపోతే అక్కడున్న సెక్షన్‌కి ఆవిరి మాత్రమే తగులుతుంది, ఒకే సెక్షన్‌లో సగం గోధుమరంగు, సగం నీలం వస్తుంది.

బఫర్లు రెండు చాలు. సిట్రేట్ 10 మిల్లీమోలార్, పీహెచ్ 6.0: లీటరుకి ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రాములు, ట్వీన్ 20 (సబ్బులాంటి డిటర్జెంట్) అర మిల్లీలీటరు. పీహెచ్ దించడానికి చాలాచోట్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. కుక్కర్‌లో నేరుగా పోసేటట్టయితే సిట్రిక్ ఆమ్లంతో దించండి, స్టీలు మీద క్లోరైడ్ మచ్చలు పడవు. రెండోది ట్రిస్ ఈడీటీఏ, పీహెచ్ 9.0: లీటరుకి ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, ఈడీటీఏ డైసోడియం 0.37 గ్రాములు, ట్వీన్ అంతే. ఈ ట్రిస్‌తో ఒక చిక్కుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే దాని పీహెచ్ సుమారు 0.028 పడిపోతుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర 9.0 అని సరిచేసిన బఫర్, మే నెలలో కరెంటు లేని మధ్యాహ్నం 35 డిగ్రీల దగ్గర కొలిస్తే 8.6 చూపిస్తుంది. అది చూసి క్షారం పోసి మళ్లీ 9కి లేపితే అసలు బఫరే మారిపోతుంది. ఎప్పుడూ 25 డిగ్రీల దగ్గరే కొలవండి. సిట్రేట్‌కి ఈ బాధ దాదాపు లేదు. ఒకసారి మరిగిన బఫర్‌ని దాచి మర్నాడు వాడొద్దు. ఆవిరైపోయి చిక్కబడుతుంది, పైగా ఊడిన కణాల ముక్కలు అందులో తేలుతుంటాయి.

ఇక నడిపే తీరు. బఫర్ పోసి, మూత ఊరికే ఆనించి, 2000 వాట్ల దగ్గర ఇండక్షన్ పెడితే 3 లీటర్లు మరగడానికి 9, 10 నిమిషాలు పడుతుంది. ఈలోగా స్లైడ్లు జైలీన్ (మైనం కరిగించేది), ఆల్కహాల్ దాటి డిస్టిల్డ్ వాటర్‌లో సిద్ధంగా ఉండాలి. బఫర్ గలగలా మరిగాకే రాక్ దించాలి. చల్లని బఫర్‌లో స్లైడ్లు పెట్టి వేడిచేస్తే ఎక్కేటప్పుడు పట్టే సమయం రోజుకో రకంగా ఉంటుంది, ఆ తేడా రంగులో కనబడుతుంది. మూత బిగించాక వెంటనే వెయిట్ పెట్టకండి. గొట్టంలోంచి ఆవిరి ధారగా ఒక నిమిషం పోనివ్వండి, లోపలి గాలి బయటికి పోతుంది. గాలి మిగిలితే అదే పీడనం దగ్గర వేడి తక్కువ ఉంటుంది. తర్వాత వెయిట్ పెట్టి, అది మొదటిసారి లేచిన క్షణం నుంచి టైమర్ నొక్కాలి. అక్కడి నుంచి ఇండక్షన్‌ని 600–800 వాట్లకు దించితే వెయిట్ సన్నగా సుయ్యిమంటూ నిలుస్తుంది.

విజిల్స్ లెక్కపెట్టొద్దు. ఈ రివ్యూలో ఒక్క వాక్యం గోడమీద అంటించాలంటే ఇదే అంటించండి. కందిపప్పుకి మూడు విజిల్స్ అన్న లెక్క మన చేతి అలవాటులో ఉండిపోయింది, కొత్తగా చేరిన టెక్నీషియన్ కూడా తెలియకుండానే అదే లెక్క పెడతారు. వేడి పెంచితే మూడు విజిల్స్ నిమిషంలో వస్తాయి, తగ్గిస్తే పది నిమిషాలైనా రావు. యాంటిజెన్‌కి కావాల్సింది 120 దగ్గర ఎంతసేపున్నది మాత్రమే. చాలా యాంటీబాడీలకు సిట్రేట్‌లో 2 నిమిషాలు, న్యూక్లియర్ మార్కర్లకు (న్యూక్లియస్‌లో ఉండే ప్రోటీన్లకు) ట్రిస్ ఈడీటీఏలో 2–3 నిమిషాలు మొదలుపెట్టడానికి మంచి చోటు. అత్యధిక వేడిని పట్టి ఉంచే థర్మామీటర్ ఒకటి, ఆటోక్లేవ్‌లో వాడేది, నెలకోసారి రాక్‌తో పాటు దించి చూస్తే కుక్కర్ నిజంగా ఎంత ఎక్కుతోందో తెలుస్తుంది.

దించేటప్పుడు కూడా అంతే జాగ్రత్త. వెయిట్ ఎత్తి పీడనం ఒక్కసారిగా వదిలితే లోపలి బఫర్ ఉవ్వెత్తున మరుగుతుంది, సెక్షన్లు చిరిగి రాక్ అడుగున చేరతాయి. కుక్కర్‌ని సింకులో పెట్టి మూత మీద చన్నీళ్ల ధార వదిలితే రెండు మూడు నిమిషాల్లో పీడనం దిగుతుంది. దానంతట అదే చల్లారనిస్తే 15, 20 నిమిషాలు, కానీ ఆ సేపంతా రిట్రీవల్ సాగుతూనే ఉంటుంది. ఏది ఎంచుకున్నా రోజూ అదే చేయాలి. మూత తీశాక వేడి రాక్‌ని గాలిలోకి ఎత్తకండి. వేడి గాజు మీద బఫర్ క్షణాల్లో ఆరిపోతుంది, ఆరిన చోటల్లా యాంటీబాడీ అడ్డదిడ్డంగా అంటుకుంటుంది. కుక్కర్ గోడ పక్కనుంచి సన్నగా చన్నీళ్లు పోస్తూ బఫర్‌ని చల్లార్చి, గోరువెచ్చగా అయ్యాక స్లైడ్లను వాష్ బఫర్‌లోకి మార్చాలి.

కుక్కర్‌లో నీళ్లు పోసి, బఫర్‌తో నింపిన చిన్న పాలీప్రొపిలీన్ జారుని అందులో పెట్టే పద్ధతి కూడా ఉంది. బఫర్ 250 మిల్లీలీటర్లతో సరిపోతుంది, ఒకేసారి రెండు జార్లలో రెండు పీహెచ్‌లు నడపొచ్చు. కానీ జారు లోపలి వేడి బయటి ఆవిరి వెనక నింపాదిగా నడుస్తుంది. వెయిట్ లేచినప్పుడు జారు మధ్యలో ఇంకా 100 దాటకపోవచ్చు. జారుల్లోని బఫర్‌ని ముందే మరిగించి పెట్టినా సమయం విడిగా కుదుర్చుకోక తప్పదు. పాలీస్టైరీన్ జారైతే కరిగి స్లైడ్లకే అతుక్కుంటుంది. జారు మూత వదులుగా ఉంచాలి.

కుక్కర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది సెక్షన్లు ఊడిపోతున్నాయని. నిజానికి అందులో కుక్కర్ తప్పు తక్కువ. హెచ్ అండ్ ఈకి (హిమాటాక్సిలిన్, ఈయోసిన్‌తో వేసే మామూలు రంగుకి) వాడే గుడ్డు తెల్లసొన పూత మీద సెక్షన్ ఎత్తితే 120 డిగ్రీల బఫర్‌లో అది నిలవదు. ఛార్జ్‌డ్ స్లైడ్లు (విద్యుదావేశంతో సెక్షన్‌ని పట్టి ఉంచేవి) గాని, అసిటోన్‌లో 2 శాతం ఏపీఈఎస్ (సెక్షన్‌ని గాజుకి అంటించే సిలేన్) పూత వేసుకున్నవి గాని కావాలి. ఒట్టి పాలీ ఎల్ లైసిన్ కుక్కర్ దెబ్బకి అంత బాగా ఆగదు. సెక్షన్ మందం 3–4 మైక్రాన్లు. ఎత్తాక స్లైడ్‌ని నిలబెట్టి కింద చిక్కిన నీళ్లు పూర్తిగా కారనివ్వాలి, ఆ తర్వాతే 60 డిగ్రీల దగ్గర గంట. నీళ్లుండగానే ఓవెన్‌లో పెడితే సెక్షన్ కింద బుడగ మిగిలి, కుక్కర్‌లో అక్కడే లేస్తుంది. ఇంత చేసినా కొవ్వు ఎక్కువున్న రొమ్ము టిష్యూ, డీకాల్సిఫై చేసిన ఎముక మజ్జ కొంత ఇబ్బంది పెడతాయి. వాటిని రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, పొద్దున 60లో గంట ఉంచితే నష్టం తగ్గుతుంది. అప్పటికీ ఊడుతుంటే వాటిని వాటర్ బాత్‌కి మార్చండి.

కుక్కర్ దాటాక మిగతా వరస ఐహెచ్‌సీ చేసేవాళ్లందరికీ తెలిసిందే, గబగబా చెప్తాం. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక పాలు, నీళ్లు 9 పాళ్లు కలిపి 10 నిమిషాల బ్లాక్ (టిష్యూలోని సొంత పెరాక్సిడేస్ ఎంజైమ్‌ని ఆపడానికి). పీహెచ్ 7.6 టీబీఎస్ ట్వీన్‌తో (ట్రిస్ కలిపిన ఉప్పునీళ్ల వాష్ బఫర్‌తో) కడిగి, స్లైడుకి 100–200 మైక్రోలీటర్ల ప్రైమరీ యాంటీబాడీ, తేమ పెట్టెలో 30–60 నిమిషాలు. పాలిమర్ హెచ్ఆర్‌పీ (యాంటీబాడీని పట్టుకునే ఎంజైమ్) 30 నిమిషాలు, డీఏబీ (ఆ ఎంజైమ్ తగిలిన చోట గోధుమరంగయ్యేది) 5 నిమిషాలు. హెచ్ఆర్‌పీ వాడే ఏ ద్రావణంలోనూ సోడియం అజైడ్ ఉండకూడదు, అది ఎంజైమ్‌ని ఆపేస్తుంది. డిటెక్షన్ కిట్ ఎంచుకునేటప్పుడు కుక్కర్ సంగతి గుర్తుంచుకోండి: గట్టి వేడికి టిష్యూలోని సొంత బయోటిన్ కూడా తేలుతుంది, లివర్, కిడ్నీల్లో మరీను. పాత అవిడిన్ బయోటిన్ కిట్‌తో కుక్కర్ జత కడితే లివరంతా గోధుమరంగే. పాలిమర్ కిట్‌కి ఆ గొడవ లేదు. ఇంకొకటి, సీలింగ్ ఫ్యాన్ కింద పని చేయొద్దు. తేమ పెట్టె మూత తీసిన ప్రతిసారీ స్లైడ్ అంచులు ఆరతాయి, అంచు చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది, దాన్ని చూసి పాజిటివ్ అనుకునే ప్రమాదముంది.

ఆఖరున న్యూక్లియస్‌లకు వేసే హిమాటాక్సిలిన్ రంగు నీలం ఎక్కకపోతే కుక్కర్‌ని తిట్టకముందు నీళ్లు చూడండి. ఆర్ఓ నీళ్లు కొంచెం ఆమ్లంగా ఉండి నీలం చేయవు. లీటరుకి మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రాములు, సోడియం బైకార్బొనేట్ 3.5 గ్రాములు కలిపిన ద్రావణంలో నిమిషం ముంచితే చాలు.

కుక్కర్ నిజంగా ఎక్కువ చేసిందా తక్కువ చేసిందా అన్నది న్యూక్లియస్ చూసి చెప్పొచ్చు. ఎక్కువైతే న్యూక్లియస్‌లు బోలుగా, నీడల్లా ఉంటాయి, హిమాటాక్సిలిన్ సరిగా పట్టదు, పక్కనున్న కొలాజెన్ కూడా లేత గోధుమరంగు తిరుగుతుంది. తక్కువైతే న్యూక్లియస్ చక్కగా ఉంటుంది, రంగు మాత్రం అంతటా పలచగా ఉంటుంది. సెక్షన్ అంచున గట్టిగా, మధ్యలో ఏమీ లేకుండా ఉంటే అది కుక్కర్ పని కాదు. గడ్డని కోయకుండా ఫార్మలిన్ డబ్బాలో పడేశారు, ఫార్మలిన్ మధ్యకి చేరలేదు. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు, ఆపరేషన్ తర్వాత గంటలోపు అందులో పడాలి అన్న నియమాన్ని ఏ రిట్రీవలూ పూడ్చలేదు. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్‌కి (ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కి) 1 శాతం కణాలు రంగెక్కినా పాజిటివ్, 1–10 మధ్య అయితే లో పాజిటివ్ అని రాస్తారు కాబట్టి అర నిమిషం తేడా కూడా హార్మోన్ మందు ఇవ్వాలా వద్దా అన్నదాన్ని తిప్పేయగలదు. ఆ సెక్షన్‌లోనే ఉన్న మామూలు డక్టుల్లో (క్యాన్సర్ లేని రొమ్ము నాళాల్లో) ఈఆర్ రాకపోతే నెగటివ్ అని రాయకండి, మళ్లీ చేయండి.

కొత్త యాంటీబాడీ వచ్చిన ప్రతిసారీ తెలిసిన టిష్యూ మీద 1, 2, 3, 5 నిమిషాలు, రెండు బఫర్లు, మొత్తం ఎనిమిది స్లైడ్లు నడిపి చూడండి. ఈఆర్, పీఆర్, కేఐ67, పీ63, టీటీఎఫ్1 లాంటి న్యూక్లియర్ మార్కర్లకు కుక్కర్ బాగా కలిసొస్తుంది. సీడీ20, సైటోకెరటిన్ ఏఈ1/ఏఈ3 ఏ వేడికైనా సర్దుకుంటాయి. టైప్ 4 కొలాజెన్, కొన్ని ఈజీఎఫ్ఆర్ యాంటీబాడీ క్లోన్లు వేడి బదులు ఎంజైమ్‌తో రిట్రీవల్ అడుగుతాయి, వాటిని కుక్కర్‌లో వేసి ప్రయోజనం లేదు.

మరి పోటీదారులు? మైక్రోవేవ్‌లో వేడి చోట్లచోట్ల పడుతుంది, ఐదు నిమిషాలకోసారి బఫర్ పోస్తుండాలి. దానికంటే కుక్కర్ ఎన్నో రెట్లు నయం. వాటర్ బాత్ 95–98 డిగ్రీల దగ్గర 20–40 నిమిషాలు తీసుకుంటుంది, సెక్షన్‌ని మాత్రం సున్నితంగా చూసుకుంటుంది. బయోకేర్ వాళ్ల డీక్లోకింగ్ ఛాంబర్ అంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న ప్రెషర్ కుక్కరే. వేడి, సమయం అంకెల్లో పెట్టుకోవచ్చు, రోజూ ఒకేలా నడుస్తుంది. రోజుకి మూడు నాలుగు రాక్‌లు నడిపే ల్యాబ్ దానికి డబ్బు పెట్టడం సబబే. ఒక్క రాక్‌కి రెండు మూడు వేల రూపాయల కుక్కర్, మూడొందల టైమర్ చాలు.

హెర్2కి ఎందుకు వద్దన్నామంటే, హెర్సెప్‌టెస్ట్ లాంటి ఆమోదం పొందిన కిట్‌ల ఫలితం ఆ కిట్ చెప్పిన రిట్రీవల్‌తో ముడిపడి ఉంటుంది: 95–99 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు, 20 నిమిషాల చల్లారింపు. కుక్కర్‌లో వేస్తే మామూలు డక్టుల పొర కూడా రంగెక్కి, 0 నుంచి 3+ దాకా ఉండే స్కోరులో 1+ కాస్తా 2+ అవుతుంది, 2+ వస్తే ఫిష్‌కి (హెర్2 జన్యువుని లెక్కపెట్టే పరీక్షకి) పంపాలి. పది శాతం పైగా కణాల్లో గట్టి పూర్తి పొర ఉంటేనే 3+ అన్న కొలత కూడా ఆ కిట్ పద్ధతి మీద నిలబడిందే. ఆ ఒక్క పరీక్షకి వాటర్ బాత్ కొనండి.

గ్యాస్కెట్ విడిభాగం ఒకటి ఎప్పుడూ డ్రాయరులో ఉంచండి. ఆల్కహాల్‌లో సరిగా ముంచని స్లైడ్ల మీద మిగిలిన జైలీన్ ఆవిరికి ఆ రబ్బరు ఉబ్బుతుంది, వంటింట్లో కంటే తొందరగా పోతుంది. మూత అంచున ఆవిరి కారుతుంటే వెయిట్ లేవడం ఆలస్యమవుతుంది, టైమర్ ఆలస్యంగా మొదలవుతుంది, స్లైడ్లు అప్పటికే ఉడికిపోయుంటాయి. మధ్యలో కరెంటు పోతే ఆ రాక్‌ని లెక్కలోంచి తీసేసి కొత్త సెక్షన్లు కోయండి; 2000 వాట్ల ఇండక్షన్‌ని మామూలు ఇన్వర్టర్ మోయదు. కుక్కర్ మీద ఎర్ర రంగుతో పెద్దగా "ల్యాబ్ కోసం మాత్రమే" అని రాయండి. రాత్రి డ్యూటీలో ఎవరికైనా ఆకలేస్తుంది, బెంచి మీద కుక్కర్ కనబడుతుంది.